రాజీనామా ఇచ్చే ముందు: ఏ కారణానికి ఏ దారి?

ఉద్యోగం మానేస్తున్నవారితో ఆఖరి రోజు కూర్చుని మాట్లాడడం నా పనిలో ఒక భాగం. పన్నెండేళ్లుగా హెచ్‌ఆర్ విభాగంలో ఉన్నాను. మొదట జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ, తర్వాత మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. రెండు చోట్లా ఫారం దాదాపు ఒకటే. 'ఎందుకు మానేస్తున్నారు?' అన్న గడిలో ఎక్కువమంది 'మెరుగైన అవకాశం' అని రాస్తారు. ఐడీ కార్డు బల్ల మీద పెట్టి లిఫ్టు దాకా నడిచేటప్పుడు చెప్పే మాట మాత్రం వేరు. 'మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ మేడమ్. సెలవు అడిగినప్పుడల్లా అవతలివాళ్ల ముఖం చూడాలంటే భయం వేసేది' అని ఒకరు అన్నారు. 'మూడేళ్లలో ఒక్కసారి కూడా మా సార్ నన్ను పేరు పెట్టి పిలవలేదు' అని ఇంకొకరు.

ఫారంలో ఏది రాసినా పర్వాలేదు. నన్ను బాధపెట్టేది వేరొకటి. చాలామంది ఆ అసలు కారణాన్ని తమకు తాము కూడా చెప్పుకోకుండానే తర్వాతి ఉద్యోగం ఎంచుకుంటారు. ఈసీఐఎల్ నుంచి రోజూ మాదాపూర్ వచ్చే ఒక కుర్రాడు ఉండేవాడు. పొద్దున బయల్దేరేటప్పటికి కూతురు నిద్రలో ఉంటుంది, రాత్రి ఇంటికి చేరేసరికి మళ్లీ నిద్రలోనే ఉంటుంది. ఆ పాపను ఆదివారం తప్ప మెలకువగా చూడలేకపోతున్నానన్నదే అతని బాధ. అయినా జీతం ఎక్కువ వస్తుందని నానక్‌రామ్‌గూడలోని కంపెనీలో చేరాడు. అది ఇంకా దూరం. ఏడు నెలలకు ఫోన్ చేసి, 'మేడమ్, నా పాత సీటు ఖాళీగా ఉందా?' అని అడిగాడు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అందుకే ఎవరు సలహా అడిగినా మొదట ఒకే ప్రశ్న వేస్తాను. మీ కారణం ఈ ఆఫీసులోనే ఉండిపోయేదా, మీ వెంట వచ్చేదా? అవమానించే మేనేజర్, ఎదుగుదల లేని ప్రాజెక్టు, ఊరికి ఆ చివర ఉన్న ఆఫీసు గుమ్మం దాటితే వెనకే ఆగిపోతాయి. కాదనలేని మొహమాటం, ఇంటి అప్పు, ఒంట్లో పేరుకున్న అలసట, ఈ వృత్తే నాకు సరిపడదన్న అనుమానం కొత్త ఐడీ కార్డుతో పాటే వచ్చేస్తాయి. మొదటి రకానికి ఉద్యోగం మారడం మంచి మందు. రెండో రకానికి ఉద్యోగం మారితే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే, ఎందుకంటే కొత్త చోట మీరంటే ఏమిటో ఎవరికీ తెలియదు, సెలవు అడిగే చనువు కూడా ఉండదు.

దారులు కూడా రెండే కాదు. ఉండడం, మానేయడం అనే రెంటి మధ్య ఇంకా కొన్ని ఉన్నాయి. ఉన్న చోటే ఒక మార్పు అడగవచ్చు. అదే సంస్థలో వేరే టీమ్‌కు వెళ్లవచ్చు. జీతం లేని సెలవు తీసుకోవచ్చు. ఆఫర్ లెటర్ చేతికి వచ్చాక మారవచ్చు. ఏమీ లేకుండానే మానేయవచ్చు. వీటిలో ఎక్కువమంది ప్రయత్నించకుండా వదిలేసేవి మొదటి మూడే. మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగినప్పుడు నేను జీడిమెట్ల ఉద్యోగానికి నేరుగా రాజీనామా ఇచ్చాను. ఆ సంస్థలో నాలుగు నెలల జీతం లేని సెలవుకు అవకాశం ఉంది. ఆ నిబంధన ఉన్న పుస్తకం నా బీరువాలోనే ఉండేది. అయినా అడగాలని తోచలేదు. మనసు ఒకవైపు మొగ్గిన తర్వాత మిగతా తలుపులు కంటికి కనిపించవు.

జీతం కోసమైతే

డబ్బు కోసం మారడంలో తప్పేమీ లేదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. కానీ రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు పైన రాసిన పెద్ద అంకెలను పోల్చకండి. ఒక లెక్క చూద్దాం. ఇప్పుడు మీకు ఏడాదికి 8 లక్షలు వస్తున్నాయి, అంతా స్థిరమైన జీతమే. కొత్త కంపెనీ 9,60,000 అంటోంది. వినడానికి 20 శాతం పెరుగుదల. అందులో 15 శాతం పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ అనుకుందాం. అంటే 1,44,000 పక్కకు పోయింది, మిగిలింది 8,16,000. కంపెనీ కట్టాల్సిన పీఎఫ్ (భవిష్య నిధి) వాటా, గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు వెళ్లేటప్పుడు ఇచ్చే మొత్తం), బీమా ప్రీమియం కూడా ఈ అంకెలోనే కలిపి చూపించారా అని అడగండి. పాత కంపెనీ వాటిని 8 లక్షలకు పైన ఇస్తూ, కొత్తది లోపలే కలిపేస్తే నెలనెలా బ్యాంకులో పడేది పెరగకపోగా తగ్గవచ్చు. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చూడండి. 'నెలకు చేతికి ఎంత వస్తుంది?' అన్న ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఈ మాట అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకున్న కంపెనీని నేను చూడలేదు.

రెండోది, తేదీ. శాశ్వత ఉద్యోగులకు అయిదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ వస్తుంది. చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్లతో గుణిస్తారు. బేసిక్, డీఏ కలిపి 40,000 అయితే అయిదేళ్లకు దాదాపు 1,15,000 రూపాయలు. నాలుగున్నరేళ్లకు వెళ్లిపోతే ఆ డబ్బు వదులుకున్నట్టే. నాలుగేళ్ల 240 రోజులు చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఆధారంగా కొందరు చెబుతారు. కంపెనీలన్నీ దానికి ఒప్పుకోవు, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక అందరికీ ఉండదు. అయిదేళ్లకు మూడు నెలలే తక్కువైతే చేరే తేదీ వాయిదా వేయమని కొత్త కంపెనీని అడగడమే మేలు. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసేవారికి మాత్రం 2025 నవంబర్ 21న కొత్త కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాక ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. అలా పనిచేసేవారిలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఇంకో సంగతి చెప్పాలి, నా మనసుకు చాలా దగ్గరి సంగతి ఇది. నెల వేతనం 21,000 లోపు ఉన్నవారికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. ఉద్యోగి జీతంలోంచి పోయేది 0.75 శాతమే. బదులుగా కుటుంబం మొత్తానికి సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి తలుపు తెరిచి ఉంటుంది. 20,500 తీసుకుంటున్న ఒక ఆపరేటర్‌కు పక్క ఫ్యాక్టరీ 22,000 ఇస్తామంది. పదిహేను వందలు ఎక్కువ. కానీ ఆ ఉద్యోగంలో అతను ఈఎస్‌ఐ పరిధిలోకి రాడు. అతని భార్యకు కిడ్నీ జబ్బు. 'మందుల ఖర్చు ఎంతవుతుందో ఒకసారి బయట కనుక్కో బాబూ' అని చెప్పి పంపాను. మర్నాడు వచ్చి, 'ఉంటానమ్మా' అన్నాడు. కొత్త కంపెనీ కుటుంబానికి బీమా ఇస్తుంటే ఆ లెక్క వేరు. అది లేకుండా వచ్చే పదిహేను వందలు పెరుగుదల కాదు.

ఇక రాజీనామా ఇచ్చాక పాత కంపెనీ 'మేమూ అంతే ఇస్తాం, ఉండిపో' అంటే? జీతం ఒక్కటే మీ కారణమైతే ఉండిపోండి, నిశ్చింతగా. ఇంకేదైనా ఉంటే వద్దు. పెరిగిన జీతం మొదటి రెండు నెలలు సంతోషాన్నిస్తుంది, మూడో నెలకు పాత కారణమే మళ్లీ ఎదురుగా నిలబడుతుంది. ఈసారి కొత్త ఆఫర్ చేతిలో ఉండదు.

దూరం, షిఫ్టు

హైదరాబాద్‌లో ఈ కారణాన్ని చిన్నచూపు చూడకండి. రోజుకు మూడు గంటల ప్రయాణం, నెలకు ఇరవై రెండు రోజులు అంటే 66 గంటలు. తొమ్మిది గంటల పనిదినాలుగా లెక్కవేస్తే ఏడు రోజులకు పైగా బస్సులోనో బండి మీదో గడిచిపోతున్నాయి. జీతాన్ని ఆ గంటలతో కలిపి భాగించి చూడండి.

ఇక్కడ పోల్చవలసినవి రెండు కాదు, మూడు: ఉద్యోగం మారడం, ఇల్లు మారడం, వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచి పనిచేస్తానని అడగడం. మూడోది ఉచితం, అడగడానికి ఒక మెయిల్ చాలు, కాబట్టి దానితోనే మొదలుపెట్టండి. ఇల్లు మారితే కొండాపూర్ అద్దె ఉప్పల్ అద్దెలా ఉండదు, పిల్లల స్కూలు మారుతుంది, సాయంత్రం పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ దూరమవుతుంది. ఉద్యోగం మారేటప్పుడు కొత్త ఆఫీసు చిరునామాను కిలోమీటర్లలో కాదు, సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఒకసారి స్వయంగా వెళ్లి చూసుకోండి. నాగోలు, ఉప్పల్, తార్నాక వైపు ఉండేవారికి మెట్రో బ్లూ లైన్ నేరుగా రాయదుర్గం తెస్తుంది. ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు అమీర్‌పేటలో మారాలి. రాయదుర్గం తర్వాత మెట్రో లేదు. నానక్‌రామ్‌గూడ ఆఫీసైతే అక్కడి నుంచి ఆటోనో కంపెనీ బస్సో చూసుకోవాలి, ఆ చివరి కాసిన్ని కిలోమీటర్లే ఒక్కోసారి ముప్పావు గంట తింటాయి. నైట్ షిఫ్టు విషయంలో నాకు ఒకటే అభిప్రాయం. ఒంటికి పడడం లేదని తెలిసిన రోజే పగటి షిఫ్టు ఉన్న టీమ్ అడగండి, ఆరు నెలల్లో ఇవ్వకపోతే మారిపోండి. నిద్రను తిరిగి సంపాదించుకోవడం డబ్బు సంపాదించుకోవడమంత తేలిక కాదు.

ఈసీఐఎల్ కుర్రాడు ఆ తర్వాత పోచారం వైపు ఉద్యోగం చూసుకున్నాడు. జీతం నెలకు ఎనిమిది వేలు తగ్గింది. సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉంటున్నాడు. పెట్రోలు, బయటి తిండి ఖర్చులు పోను ఆ ఎనిమిది వేలలో సగం మిగిలిపోతోందని చెప్పాడు.

పై అధికారి వల్లయితే

మొదట ఒక తేడా గుర్తుపట్టాలి. కఠినంగా పని చేయించే మేనేజర్ వేరు, మనిషిని చిన్నబుచ్చే మేనేజర్ వేరు. మొదటివారి దగ్గర ఏడ్చిన రోజులు కూడా తర్వాత పనికొస్తాయి. రెండోవారి దగ్గర ఏడాది ఉంటే మీ పని మీద మీకే నమ్మకం పోతుంది. తేల్చుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఇది. ఆయన మీ పనిలో తప్పు చూపిస్తున్నారా, మీలో తప్పు చూపిస్తున్నారా? 'ఈ రిపోర్టు తప్పుగా ఉంది' అనేది పని గురించిన మాట. 'నీకు బుర్ర లేదు' అనేది మీ గురించిన మాట.

చిన్నబుచ్చే మేనేజరైతే ఇది ఆఫీసులోనే ఉండిపోయే కారణం, కాబట్టి మారితే తీరే కారణం. ముందు అదే సంస్థలో వేరే టీమ్ అడగండి. గ్రాట్యుటీ సర్వీసు, సెలవులు, అమ్మానాన్నల బీమా ఏదీ పోదు. పెద్ద కంపెనీల్లో లోపలి ఖాళీల జాబితా ఉంటుంది, ఒకే టీమ్‌లో ఏడాదో ఏడాదిన్నరో నిండాలన్న షరతు ఉంటుంది. యాభై మంది ఉన్న చిన్న కంపెనీలో వేరే టీమ్ అనేదే ఉండదు, అక్కడ బయటి ఆఫర్ వెతుక్కోవడమే దారి. ఇంటర్వ్యూలో కాబోయే మేనేజర్‌తో కనీసం అరగంట మాట్లాడనివ్వమని అడగండి. మీ ముందు ఆ సీటులో ఉన్నవారు ఏమయ్యారని కూడా అడగండి.

లైంగిక వేధింపులైతే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. నోరు మూసుకుని రాజీనామా ఇచ్చి వెళ్లిపోయిన ఆడపిల్లల్ని చూశాను, ఇప్పటికీ తలుచుకుంటే మనసు మండుతుంది. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వవచ్చు. విచారణ సాగుతున్నప్పుడు మిమ్మల్ని గానీ అతన్ని గానీ వేరే చోటికి బదిలీ చేయమని, లేదా మీకు మూడు నెలల దాకా సెలవు ఇవ్వమని కమిటీ సిఫార్సు చేయగలదు. ఈ సెలవు మీకున్న మామూలు సెలవులకు అదనం. వెళ్లిపోవాలా వద్దా అన్నది ఆ సెలవులో, ఊపిరి తీసుకున్నాక నిర్ణయించుకోండి.

ఇల్లు, పిల్లలు, పెద్దలు

గర్భం దాల్చాక ఉద్యోగం మారాలనుకునేవారు ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలి: 80. ప్రసవ తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉంటేనే జీతంతో కూడిన ప్రసూతి సెలవుకు అర్హత. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు ఆ సెలవు 26 వారాలు. అయిదో నెలలో మారితే 80 రోజులు సరిపోవచ్చు, ఏడో నెలలో మారితే కష్టం. కాబట్టి ఈ సమయంలో ఉన్న చోటే ఉండి, సెలవు వాడుకుని, ఆ తర్వాత మారడం మంచిదని నా అభిప్రాయం. సెలవు తర్వాత బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్నతోనే ఎక్కువమంది మానేస్తారు. యాభై మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని చట్టం చెబుతోంది. మీ కంపెనీలో అది ఉందో లేదో రాజీనామాకు ముందు అడగండి. లేదంటే ఎందుకు లేదని అడగండి. ఇంట్లో అందరూ కలిసి 'మానెయ్యమ్మా' అన్నప్పుడు వెంటనే తల ఊపకుండా, ఆరు నెలలు సగం రోజు పని దొరుకుతుందేమో కనుక్కోండి. మూడేళ్ల విరామం తర్వాత తిరిగి రావడానికి వచ్చిన మహిళలతో నేను ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. వాళ్ల తెలివి ఎక్కడికీ పోలేదు, ధైర్యం మాత్రం కరిగిపోయి ఉంటుంది.

అమ్మానాన్నల అనారోగ్యం వల్ల మానేసేవారు తప్పక చూడవలసింది బీమా. కంపెనీ గ్రూపు పాలసీ సాధారణంగా మీ ఆఖరి పనిదినంతో ముగిసిపోతుంది. అంటే ఎవరి కోసం మానేస్తున్నారో వారికే రక్షణ పోతుంది. బయట కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందునుంచే ఉన్న షుగరు, గుండె జబ్బు లాంటి వాటికి మూడేళ్ల వరకు చెల్లించరు. 2024 ఏప్రిల్ నుంచి ఆ నిరీక్షణ గడువు గరిష్ఠంగా 36 నెలలే, అంతకుముందు నాలుగేళ్ల వరకు ఉండేది. అందుకే ఆఖరి రోజుకు నెలన్నర ముందే అదే బీమా కంపెనీని సంప్రదించి, గ్రూపు పాలసీ నుంచి వ్యక్తిగత పాలసీకి మార్చమని అడగండి. గ్రూపులో గడిచిన కాలాన్ని నిరీక్షణ గడువులో కలుపుతారా అన్నది రాసి ఇవ్వమనండి. ఈ పని అయ్యేదాకా రాజీనామా పంపకండి.

గ్రూప్స్ కోసం మానేయాలనుకుంటే

అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో నడిస్తే ఈ కారణం కళ్ల ముందే కనిపిస్తుంది. కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్లు, జిరాక్సు షాపుల్లో కట్టలు కట్టలుగా మెటీరియల్, సిటీ సెంట్రల్ లైబ్రరీలో తెల్లవారకముందే కుర్చీ కోసం నిలబడే పిల్లలు. వారిలో ఉద్యోగం వదిలి వచ్చినవారు ఎందరో. వాళ్ల పట్టుదల అంటే నాకు గౌరవం. నేను వద్దనను. కానీ ఒక చరిత్ర చెబుతాను.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ గ్రూప్-1 ప్రకటన 503 పోస్టులతో వచ్చింది. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చిన ఒకరిని ఊహించుకోండి. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటనే రద్దయి 563 పోస్టులతో కొత్తది వచ్చింది. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఫలితాల మీద వివాదం 2025లో మళ్లీ హైకోర్టుకు చేరింది. ఏడాది చదువుకుంటే చాలు అనుకుని మానేసిన మనిషికి మూడేళ్లు గడిచిపోయాయి, అందులో అతని తప్పు ఒక్కటీ లేదు.

కాబట్టి ఇక్కడ పోల్చవలసింది మీ తెలివిని, సిలబస్‌ను కాదు. మీ దగ్గరున్న డబ్బు ఎన్ని నెలలు నిలుస్తుంది, పరీక్ష ఎన్ని నెలలు ఆలస్యం కావచ్చు అన్నదే. ప్రిలిమ్స్ దాకా ఉద్యోగం చేస్తూనే చదవండి. ఉదయం రెండు గంటలు, ఆదివారాలు, మిగిలిన సెలవులు కలిపితే అది సాధ్యమే. ప్రిలిమ్స్ గట్టెక్కాక మెయిన్స్‌కు మూడు నాలుగు నెలల జీతం లేని సెలవు అడగండి. ఇవ్వకపోతే అప్పుడు మానేయండి, చేతిలో ఒక మెట్టు ఎక్కిన ఆధారం ఉంటుంది. ప్రకటన రాకముందే, వస్తుందన్న వార్త చూసి మానేయడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. గది అద్దె, మెస్, కోచింగ్ ఫీజు కలిపి రెండేళ్లకు సరిపడా డబ్బు మీ సొంతంగా ఉంటే వేరే మాట. నాన్నగారి పొలం మీద అప్పు తెచ్చి ఆ రెండేళ్లు చదవాలనుకుంటే ఆ భారం ప్రతి పరీక్ష హాల్లో మీ పక్కనే కూర్చుంటుంది.

సొంత వ్యాపారానికి కూడా ఇదే వరస. కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ పెట్టాలనుకున్న ఒక సహోద్యోగికి ఆరు నెలలు శని, ఆదివారాలు వేరొకరి దుకాణంలో నిలబడమని చెప్పాను. నాలుగో నెలకు తనకే తెలిసింది, వండడం ఇష్టమే గానీ తెల్లవారుజామున నాలుగింటికి మార్కెట్‌కు వెళ్లడం ఇష్టం లేదని.

అలసిపోయినప్పుడు

పరీక్షల సంగతి పక్కన పెడితే, ఆఫర్ లేకుండా మానేయమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే, అదీ ఒక వరస పాటించాక. ఆదివారం సాయంత్రం నుంచే గుండె దడ, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన పని కూడా చేదనిపించడం నెల రోజులకు మించి ఉంటే ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లండి. థైరాయిడ్, రక్తహీనత, దిగులు జబ్బు వంటివి ఉద్యోగం మీద విసుగులాగే కనిపిస్తాయి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. తర్వాత ఉన్న సెలవులన్నీ ఒకేసారి పెట్టండి. రెండు వారాల విశ్రాంతితో తేరుకుంటే మీకు కావలసింది పని తగ్గడం. తిరిగి వెళ్లే ముందు రోజు మళ్లీ అదే దడ వస్తే ఆ చోటు మీకు కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చుకు, కట్టాల్సిన ఈఎంఐలకు, బీమా ప్రీమియానికి సరిపడా డబ్బు చేతిలో ఉంటే మానేయండి. మూడు నెలలకే ఉంటే వేరే టీమ్ గానీ తేలికపాటి పని గానీ అడిగి, ఆ సమయంలో ఆఫర్ వెతకండి. రెజ్యూమేలో నాలుగు నెలల ఖాళీ ఉంటే ఏమనుకుంటారో అని భయపడి ఒంటిని పణంగా పెట్టకండి. ఆ ఖాళీని చూసే మనిషిగా చెబుతున్నాను, 'ఆరోగ్యం బాగోలేదు, ఇప్పుడు బాగున్నాను' అన్న ఒక్క వాక్యంతో నేను తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాను.

వాళ్లే వెళ్లమంటే

'మీ అంతట మీరే రాజీనామా చేయండి, లేకపోతే తొలగిస్తాం' అని గదిలోకి పిలిచి చెప్పడం ఈ నగరంలో కొత్త కాదు. ఆ రోజు ఆ గదిలో సంతకం పెట్టకండి. 'ఆలోచించుకుని రేపు చెబుతాను, ఈ విషయం మెయిల్‌లో పంపండి' అనండి. రాజీనామా మీ ఇష్టంతో వెళ్లినట్టు లెక్క, తొలగింపు వారి నిర్ణయం. నోటీసు జీతం, పరిహారం ఏది ఎంత వస్తుందన్నది ఆ తేడా మీదే ఆధారపడుతుంది. మళ్లీ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు రాజీనామా సౌకర్యంగా ఉంటుందన్నది నిజమే, కాబట్టి రాజీనామాకే ఒప్పుకుంటే బదులుగా రెండు మూడు నెలల జీతం, రిలీవింగ్ లెటర్, బీమా ఎప్పటిదాకా ఉంటుందో రాతలో తీసుకోండి. అన్యాయం జరిగిందనిపిస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరున్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ ఉంది.

మారడం ఖాయమయ్యాక

నోటీస్ పీరియడ్ 30 రోజులా, 90 రోజులా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూసుకున్నాకే కొత్త కంపెనీకి తేదీ చెప్పండి. మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లవచ్చా, ఆ డబ్బు కొత్త కంపెనీ ఇస్తుందా అని అడగండి. పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు ఉద్యోగం వదిలాక సాధారణంగా చెల్లదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దానికి అడ్డు. బాండు సంగతి వేరు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి బాండు రాసి ఉంటే ఆ మొత్తాన్ని కూడా కొత్త జీతంతో పోల్చే లెక్కలో వేసుకోండి.

పీఎఫ్ డబ్బు తీయకండి, అదే యూఏఎన్‌తో (మీ శాశ్వత పీఎఫ్ నంబరు) కొత్త ఖాతాకు బదిలీ చేయించండి. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పీఎఫ్‌తో పాటే ఉండే పింఛను పథకంలో పదేళ్లు నిండితేనే 58 ఏళ్లకు నెలనెలా పింఛను వస్తుంది, మధ్యలో ఆ డబ్బు తీసేసుకుంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఆర్థిక సంవత్సరం మధ్యలో మారితే పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి రాతలో ఇవ్వండి, లేకపోతే రెండు కంపెనీలూ పన్ను మినహాయింపులు ఇచ్చేసి రిటర్న్ వేసే జూలైలో పన్ను బాకీ తేలుతుంది. కొత్త వేతన స్మృతి ప్రకారం రాజీనామా చేసినవారికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై అయిదు రోజులు పడుతుందని ఎవరైనా చెబితే ఈ నిబంధన చూపించి మెయిల్ పెట్టండి. ఆఖరి రోజుకు ముందే జీతం స్లిప్పులు, ఫారం 16లు, అప్రైజల్ లెటర్లు మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. సాయంత్రం ఆరింటికి ఆఫీసు లాగిన్ ఆగిపోయాక వాటి కోసం నాకు ఫోన్ చేసేవారు ప్రతి నెలా ఉంటారు.